కనిగిరిలో కంగారు వైద్యం

మొన్న ఫిబ్రవరిలో తాడేపల్లి నుంచి కనిగిరి దాకా వెళ్లి వచ్చాను. సెలవులకు ఎక్కడికి వెళ్దామా అని చూసేవాళ్లకు ఈ దారి ఎవరూ చెప్పరు. దారి పొడవునా మిరప చేలు, పత్తి చేలు, మధ్యలో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, అంతే. నేను వెళ్లింది ఆసుపత్రులు చూడటానికి. ప్రభుత్వ ఆసుపత్రులకు కొత్తగా వచ్చిన పరికరాలు, నర్సులకు కొత్తగా నేర్పిన పద్ధతులు నిజంగా వాడుకలోకి వచ్చాయా, రాకపోతే ఎక్కడ ఆగిపోయాయి అని చూసి రాసివ్వాలి. నర్సుగా పనిచేసి రిటైరైన నాలాంటివాళ్లను ఇలాంటి పనులకు అప్పుడప్పుడు పిలుస్తుంటారు. రాసివ్వాల్సింది రాసిచ్చాను. అందులో పట్టనిది చాలా మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

నాతో వచ్చింది డాక్టర్ ప్రణీత. కాకినాడ అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. ఊళ్లన్నీ తిరిగి ఆరోగ్య పథకాలు ఎలా నడుస్తున్నాయో చూడటమే ఆమె ఉద్యోగం, కానీ మిరప సీమకు రావడం అదే మొదలు. కారు నడిపిన బాజీది గుంటూరు. మాట్లాడకుండా బండి నడపడం అతనికి చేతకాదు.

గుంటూరు

బయలుదేరేటప్పుడు కృష్ణ మీద మంచు కమ్మి ఉంది. గుంటూరు చేరేసరికి ఎండ వచ్చింది, ఎండతో పాటు ఘాటూ వచ్చింది. మిర్చి యార్డు ఇంకా దూరంగా ఉండగానే ప్రణీత తుమ్మడం మొదలుపెట్టింది. అద్దాలు ఎక్కించినా ఆగలేదు. ఎర్రటి బస్తాలతో లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఇక్కడ పుట్టినవాళ్ల ముక్కులు వేరని, తన చెల్లెలు పెళ్లయి మచిలీపట్నం వెళ్లాక అక్కడి గాలి చప్పగా ఉందని ఫోన్లో ఏడ్చిందని బాజీ చెప్పాడు. నమ్మాలో వద్దో తెలియలేదు గానీ, ప్రణీత తుమ్ముతూనే నవ్వింది.

అరండల్‌పేటలో ఒక బండి దగ్గర టిఫిన్ తిన్నాం. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. ఇడ్లీల మీద కారప్పొడి గుమ్మరించి, దానిమీద నెయ్యి పోసి ఇచ్చాడు. తమ కాకినాడలో అయితే ఇడ్లీకి అల్లం పచ్చడి ఇస్తారని, కారప్పొడి అడిగినవాళ్లకే పక్కన ఇంత వేస్తారని ప్రణీత అంది. రెండో ముక్కకే ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. బండాయన అడక్కుండానే మరో గరిటె నెయ్యి పోసి, నీళ్లు తాగొద్దమ్మా, ఇంకా మండుతుంది అని సలహా చెప్పాడు.

నేను నర్సు చదువు చదివింది ఈ ఊళ్లోనే. పెద్దాసుపత్రి వరండాలో నిలబడితే నాకు ముందు వినిపించేది ఒక చప్పుడు. మరుగుతున్న నీళ్లలో గాజు సిరంజీలు ఒకదానికొకటి తగిలి గలగలమనే చప్పుడు. పొద్దున డ్యూటీ దాంతోనే మొదలయ్యేది. సూదులు మొద్దుబారితే రాయి మీద నూరేవాళ్లం. చేతి తొడుగులు ఉతికి, పౌడరు అద్ది, హాస్టల్ డాబా మీద తీగెలకు ఆరేసేవాళ్లం. గాలికి అవన్నీ వేళ్లు చాపి ఊగుతుంటే కింద రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

ఇప్పుడు అవేవీ లేవు. పసిపిల్లల వార్డులో నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి, అప్పుడే పుట్టిన బిడ్డ పాదానికి చిన్న పట్టీ చుట్టి, ఒంట్లో ప్రాణవాయువు ఎంత ఉందో అంకె చూపించింది. పాదం లోపల ఎర్రటి వెలుగు, బియ్యపు గింజల్లాంటి వేళ్లు. మీ కాలంలో ఎలా తెలుసుకునేవాళ్లు మేడం అని అడిగింది. పెదాల రంగు, గోళ్ల రంగు చూసేవాళ్లమని చెప్పాను. ట్యూబులైటు కింద రంగు సరిగ్గా కనిపిస్తుందా అని ఆమె నిజంగానే అడిగింది. కనిపించదు. అందుకే బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తేవాళ్లం. ఆ కిటికీ ఇంకా అక్కడే ఉంది. దాని ముందు ఇప్పుడు నీళ్ల ఫిల్టరు పెట్టారు.

పేరు రాయని ఊరు

నరసరావుపేట దాటాక ఒక ఊళ్లో ఆగాం. ఆ ఊరి పేరు రాయను. అక్కడి ఆసుపత్రిలో నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే పిల్లల కోసం ఒక గది కేటాయించారు. బిడ్డను అమ్మ గుండె మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి, గుడ్డతో కట్టి, గంటల తరబడి అలాగే ఉంచుతారు. అమ్మ వేడే బిడ్డకు వేడి. కంగారూ తన పిల్లను సంచిలో మోసుకు తిరుగుతుంది కాబట్టి దీన్ని కంగారూ సంరక్షణ అన్నారు. ఆ జంతువు మన చేలల్లో తిరిగేది కాదు. ఇక్కడి వాళ్లకు కంగారు అంటే కంగారే. పల్లెల్లో దీనికి కంగారు వైద్యం అనే పేరు స్థిరపడిపోయింది.

గది బాగుంది. గోడ మీద కంగారూ బొమ్మ, వెనక్కి వాలే కుర్చీలు. కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. చలికాలం మొదట్లో తల్లులు బాగానే కూర్చున్నారని, మిరపకాయ పండాక ఎవరూ కూర్చోవడం లేదని అక్కడి సిస్టర్ చెప్పింది. బిడ్డను గుండెకు హత్తుకున్న కాసేపటికే ఏడుపు, మెలికలు. తల్లులు విసిగి తీసేస్తున్నారట. ఆసక్తి తక్కువ అని ప్రణీత రాసుకుంది.

మంచం మీద కూర్చున్న ఒక బాలింతను నేను అడిగాను. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. బిడ్డను పక్కన తువ్వాలులో చుట్టి పడుకోబెట్టుకుంది.

"నా ఒళ్లు దానికి పడలా మేడం," అంది. "ఎత్తుకుంటే ఏడుస్తది, దించితే ఊరుకుంటది. ఏ తల్లికన్నా ఇట్టా ఉంటదా?"

ఏం పనికి వెళ్తావంటే కూలికని చెప్పింది. అప్పటికి అంతకంటే ఎక్కువ అడగాలని తోచలేదు. ఆ మాట మాత్రం కారెక్కాక కూడా నన్ను వదల్లేదు.

వినుకొండ

కొండ కింద లాడ్జీలో దిగి, పక్క మెస్‌లో భోజనం చేశాం. పప్పు, దొండకాయ వేపుడు, గోంగూర, గట్టి పెరుగు. ప్రణీత గోంగూరను వేలి చివర ముట్టుకుని, ధైర్యం చేసి కలుపుకుంది. ఈసారి కళ్లు తుడుచుకోలేదు.

పొద్దున ఆసుపత్రిలో సాంబయ్య అనే రైతును చూశాం. ముందురోజు కళ్లంలో కాయలు కలబెడుతుంటే గుండెలో నొప్పి వచ్చింది. కాయ ఘాటు ఎక్కిందనుకుని సోడా తాగాడు. తగ్గలేదు. భార్య అతన్ని బండి మీద తనకూ తమ్ముడికీ మధ్య కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది. ఇక్కడ ఛాతీకి తీగలు పెట్టి గుండె కొట్టుకునే తీరు గీతలుగా తీశారు. ఆ బొమ్మ ఫోన్లో పెద్ద ఊరి గుండె డాక్టరుకు వెళ్లింది. ఆయన చూసి చెప్పగానే, నరంలో గడ్డను కరిగించే సూదిమందు ఇక్కడే వేశారు. మేం వెళ్లేసరికి మంచంలో వాలి కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం అంబులెన్సులో గుంటూరు పంపుతారట.

"నొప్పేమో నాది," అన్నాడు. "బొమ్మ చూసిందేమో ఆడ ఎక్కడో. సూది పొడిచిందేమో ఈడ. మధ్యలో నేను చేసిందేం లేదండి."

"ఎందుకు చెయ్యలా," అంది భార్య. "కళ్లం మీద పట్టా కప్పారా లేదా అని సూది వేసేదాకా అరుస్తానే ఉన్నావుగా."

డాక్టరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆ ఆసుపత్రిలో ఈ పద్ధతి ఎలా నిలబడిందని ప్రణీత చాలాసేపు అడిగింది. మిషను గోడకు వేలాడుతోంది, తాళం లేదు, ఏ సిస్టర్ డ్యూటీలో ఉన్నా తీయగలదు. మొదట్లో తప్పు బొమ్మ పంపితే తిడతారేమోనని అందరూ భయపడ్డారట. అవతలి డాక్టరు ఎప్పుడూ తిట్టలేదట. నాకది పెద్ద విషయంగానే తోచింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కనిగిరిలో, గుండె నొప్పితో మనిషి వస్తే ఒక మాత్ర నాలుక కింద పెట్టి ఒంగోలు బస్సెక్కించేవాళ్లం. అంబులెన్సు అనేది పేరుకే ఉండేది. స్టాండుకు నేనే వెళ్లి కండక్టర్‌ను బతిమాలి, వెనక సీటు మొత్తం ఖాళీ చేయించి పడుకోబెట్టేదాన్ని. ప్రయాణికులు ఒక్క మాట అనకుండా లేచేవాళ్లు. సాయంత్రం అదే బస్సు తిరిగి వచ్చేటప్పుడు కండక్టర్ ఆసుపత్రి ముందు బండి నెమ్మది చేయించి, మెట్టు మీద నిలబడి, బాగానే దించామని చేయి ఊపేవాడు. కొన్నిసార్లు చేయి ఊపేవాడు కాదు. బస్సు నెమ్మదించకుండా పోతే అర్థమయ్యేది. ఆ కండక్టర్ పేరు గుర్తు లేదు. ఆ చేయి గుర్తుంది.

కురిచేడు, దర్శి, పొదిలి

వినుకొండ దాటాక నేల రంగు మారుతూ వస్తుంది. నల్లరేగడి పలచబడి, ఎర్రమట్టి, రాళ్లు, తుమ్మచెట్లు మొదలవుతాయి. కురిచేడు దాటిన కాసేపటికి టైరు పంక్చరైంది. బాజీ జాకీ వేస్తుంటే మేం పక్కనున్న పత్తి చేలోకి నడిచాం. చివరి తీతలు. కట్టె ఎండిపోయి, కొసల్లో మాత్రం ఇంత ఇంత దూది మిగిలి ఉంది. నలుగురు ఆడవాళ్లు ఒడి కట్టుకుని తీస్తున్నారు.

అన్నం వేళైంది. వాళ్లు మమ్మల్ని నిలబెట్టి తినలేక, తినమని కూర్చోబెట్టారు. చద్దన్నం, చింతకాయ పచ్చడి, ఉల్లిపాయ. తర్వాత కొంగుల్లోంచి రేగుపళ్లు తీసి పెట్టారు. తమ వైపు ఎవరైనా తింటుంటే పక్కకు తప్పుకోవడం మర్యాదని, ఇక్కడ తప్పుకుంటే కోప్పడుతున్నారని ప్రణీత ఆశ్చర్యపోయింది. నిజంగానే కోప్పడ్డారు. మా ఇంటి అన్నం తినరా ఏందని ఒకామె గట్టిగా అడిగింది. ప్రణీత రెండు ముద్దలు తింది.

దూదిని చేతిలోకి తీసుకుంటే నాకు కనిగిరి ఆసుపత్రి కాన్పుల గది గుర్తొచ్చింది. ఆ రోజుల్లో బరువు తక్కువ బిడ్డ పుడితే మాకున్నది ఒక చెక్కపెట్టె. అడుగున దూది పరిచి, బిడ్డ చుట్టూ దూది కూరి, పైన ఒక బల్బు వేలాడదీసేవాళ్లం. ఆసుపత్రి దూది ఎప్పుడూ చాలేది కాదు. బిడ్డ పెదనాన్నో మేనమామో ఇంట్లో కొత్త పత్తి ఉంటే గింజ తీసి, మూట కట్టి మోసుకొచ్చేవాడు. దాన్ని ఎండలో వేసి, చెత్త ఏరి, పెట్టెలో పరిచేదాన్ని. ఎండ తగిలిన దూది వాసన ఎంత బాగుండేదో చెప్పలేను. కరెంటు పోతే సీసాల్లో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి చుట్టూ పెట్టేవాళ్లం. తల్లిని మాత్రం ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు. ముట్టుకుంటే జబ్బులు అంటుతాయని మాకు నేర్పారు. ఆమె తలుపు అవతల కూర్చుని, పెట్టెలో బల్బు వెలుగును చూస్తూ ఉండేది. కొందరు బిడ్డలు దక్కారు, కొందరు దక్కలేదు. ఆ రోజుల మీద నాకు చాలా ప్రేమ ఉంది. ఆ పెట్టె మీద లేదు.

బాజీ కేకేశాడు. టైరు మార్చేశాడు, చేతులకు మట్టి. దర్శిలో టీ తాగి, పొదిలి మీదుగా ఎండ వాలేసరికి కనిగిరి చేరాం.

కనిగిరి

దూరం నుంచి కొండ కనిపించగానే బండి నెమ్మదిగా పోనివ్వమని బాజీకి చెప్పాను. ఊరు పెరిగింది. నేను అద్దెకున్న వీధిలో ఇళ్లన్నీ డాబాలయ్యాయి. అప్పట్లో కావిళ్లతో నీళ్లు మోసేవాళ్లు, ఇప్పుడు ఇంటింటి ముందూ నీళ్ల క్యాన్లు. కొండ మాత్రం మారలేదు. సాయంత్రం ఎండలో అప్పటి ఎరుపే.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్లేసరికి పసిపిల్లల గది ముందు కొంచెం హడావిడిగా ఉంది. తెల్లవారుజామున శిరీష అనే అమ్మాయికి నెలలు నిండకుండా కాన్పయింది. ఆడపిల్ల, రెండు కిలోలు లేదు. కాన్పు కాగానే శిరీషకు రక్తపోటు బాగా పెరగడంతో అంబులెన్సులో ఒంగోలు పంపారు. శిరీష తల్లి కూడా తోడు వెళ్లింది. బిడ్డ ఊపిరి బాగానే తీసుకుంటోంది, ఉగ్గుగిన్నెతో పట్టిన పాలు మింగుతోంది. అంత చిన్న బిడ్డను చలిగాలిలో దారంతా తిప్పడం కంటే ఇక్కడే ఉంచడం మంచిదని పిల్లల డాక్టరు ఆపారు. వెచ్చగా ఉంచే మిషన్ల మీద అంతకంటే నీరసంగా ఉన్న పిల్లలున్నారు. ఈ బిడ్డకు కావాల్సింది మనిషి ఒంటి వేడి. తల్లి లేదు. నాయనమ్మ రవణమ్మ ఉంది గానీ ఆమెకు దగ్గు, జ్వరం. మిగిలింది తండ్రి.

తండ్రి పేరు ఏడుకొండలు. పాతికేళ్లు ఉంటాయేమో. పల్నాడు వైపు మిరపకాయల బస్తాలు తొక్కే పనికి పోయి ఉన్నాడు. బస్తాలోకి దిగి, కాయల్ని కాళ్లతో అదిమి అదిమి నింపే పని. నొప్పులు మొదలయ్యాయని రాత్రి ఫోన్ రాగానే దొరికిన బస్సెక్కి, ఒంటి మీది గుడ్డలతోనే వచ్చేశాడు. చొక్కా ఎర్రగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

డ్యూటీలో ఉన్న సిస్టర్ విజయ అతనికి విషయం చెప్పింది. సబ్బుతో స్నానం చేసి రమ్మంది. అతను చేసి వచ్చాడు. అప్పుడు రవణమ్మ అడ్డం తిరిగింది.

"మగోడు పురిటిబిడ్డను రొమ్మున కట్టుకునేదేందమ్మా?" అంది. "పురుడు కడక్కముందు వాడు దాన్ని చూడనే కూడదు. మేమే కంగారుగా ఉంటే మళ్లీ ఈ కంగారు వైద్యమేంది?"

విజయ వాదించలేదు. బిడ్డను తెచ్చి, పాదాన్ని రవణమ్మ చేతికి తగిలించింది. రవణమ్మ ఆ పాదాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో తన బుగ్గను తాకి చూసుకుంది. మళ్లీ పాదం పట్టుకుంది. మంచు ముక్కలా ఉందని గొణిగింది. ఆ తర్వాత మైల మాట ఎత్తలేదు. కొడుకు వైపు తిరిగి, "చొక్కా తియ్యరా," అంది.

అతను వణుకుతున్నాడు. చలికో భయానికో తెలియలేదు. ఒళ్లు చల్లగా ఉంటే బిడ్డను పెట్టకూడదు కదా అని, దగ్గరికి వెళ్లి అతని ఛాతీ మీద అరచెయ్యి ఆనించి చూశాను. వెచ్చగానే ఉంది. వెనక్కి వచ్చి కళ్లద్దాలు సర్దుకుంటూ కనురెప్ప తుడుచుకున్నాను. అంతే. కన్ను భగ్గుమంది. నీళ్లు ధారగా కారాయి. కళ్లు మూసుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పటికే విజయ బిడ్డ మీది గుడ్డ విప్పుతోంది.

"ఆగు," అన్నాను. "బిడ్డను పెట్టొద్దు. కారం పోలేదు."

నూనె, శనగపిండి

మా అమ్మ మిరప చేలో కూలికి వెళ్లేది. మాది చిలకలూరిపేట పక్క పల్లె. కాయ కోతల రోజుల్లో సాయంత్రం ఆమె వస్తుంటే మేం ఎదురు పరుగెత్తేవాళ్లం. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, దూరం, దూరం అనేది. ఆ నెలల్లో అమ్మ మమ్మల్ని మోచేత్తో దగ్గరికి లాక్కునేది గానీ అరచేత్తో ముట్టుకునేది కాదు. ముందు ఒళ్లంతా వేరుశనగ నూనె రుద్దుకుని, పాత గుడ్డతో తుడిచేసి, శనగపిండితో నలుగు పెట్టుకుని, ఆ తర్వాతే సబ్బు. అంతా అయ్యాక వేలు తన పెదానికి ఆనించుకుని చూసుకునేది. మండకపోతే అప్పుడు చంటి తమ్ముణ్ణి ఎత్తుకునేది. సబ్బుకు కారం పోదు, నూనెకే పోతుంది. ఇది నాకు నర్సు చదువులో ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతే మరిచిపోయాను. కన్ను మండుతూ గోడ పట్టుకుని నిలబడితే, అమ్మ నూనె చేతులు కళ్ల ముందుకొచ్చాయి.

పిల్లల డాక్టరుకు చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, నూనె కూడా మిగలకుండా కడిగించండి, మీరు సరేనంటేనే పెడదాం అన్నారు. అంతదాకా విజయ బిడ్డను తన దగ్గరే ఉంచుకుని, వెచ్చటి గుడ్డలు మారుస్తూ కూర్చుంది. బాజీ పరుగున వెళ్లి నూనె ప్యాకెట్టు, శనగపిండి తెచ్చాడు. ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర ఏడుకొండలును కూర్చోబెట్టి, రవణమ్మ చేతులకు, మెడకు, గోళ్ల సందులకు నూనె పట్టించింది. వీపు, ఛాతీ బాజీ రుద్దాడు. ఏడుకొండలుకు చక్కిలిగింత. అంత భయంలోనూ మెలికలు తిరిగిపోతుంటే, కదలొద్దురా నాయనా, పెళ్లికి కూడా ఇంత నలుగు పెట్టి ఉండరు నీకు అని బాజీ కసురుకున్నాడు.

ఉతికిన గుడ్డతో అతని ఛాతీ తుడిచి, గుడ్డను నా కింది పెదానికి ఆనించుకున్నాను. సన్నగా చురుక్కుమంది. మళ్లీ నూనె, మళ్లీ పిండి, మళ్లీ సబ్బు. ఈసారి ప్రణీత కూడా గుడ్డ అందుకుని పెదానికి ఆనించుకుంది. ఆమెకేమీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

బిడ్డను అతని గుండె మీద బోర్లా పెట్టి, తల ఒక పక్కకు తిప్పింది విజయ. చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, పట్టీని రవణమ్మే చుట్టి, బిగించి కట్టింది. బిడ్డ కదిలింది. మేమందరం ఏడుపు కోసం చూస్తున్నాం. ఏడవలేదు. ముక్కుతో వెతుక్కుని, చెంప ఆనించి ఊరుకుంది. ఏడుకొండలు చెక్కలా బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"సిస్టరమ్మా," అన్నాడు మెల్లగా, "నేను ఊపిరి పీల్చుకోవచ్చా?"

పీల్చుకోవచ్చంది విజయ. అతను పెద్దగా ఊపిరి వదిలాడు. బిడ్డ ఆ ఊపిరితో పాటు లేచి, మళ్లీ దిగింది.

మధ్యాహ్నానికి పాదాలు వెచ్చబడ్డాయి. రవణమ్మ మళ్లీ దగ్గరికి రాకుండా, గుమ్మం దగ్గరి నుంచే ఎలా ఉందని అడుగుతూ ఉంది.

ప్రణీత అన్నం తినకుండా వరండాలోకి వెళ్లి, నేను పేరు రాయనన్న ఆ ఊరి సిస్టర్‌కు ఫోన్ చేసింది. మీ తల్లులు ఏ పని నుంచి వస్తున్నారని అడిగింది. చాలామంది కాన్పు ముందు రోజు దాకా కాయ కోతలోనే ఉంటారండీ అని సిస్టర్ చెప్పింది. ప్రణీత తన ఫోన్లో ఆసక్తి తక్కువ అన్న మాట చెరిపేసి, నూనె, శనగపిండి, పెదం అని రాసుకుంది. నేను తాడేపల్లి తిరిగి వచ్చిన కొన్నాళ్లకు ఆ సిస్టరే నాకు ఫోన్ చేసింది. గదిలో నూనె సీసా పెట్టారట, కుర్చీల కవర్లు తీసేశారట. తన ఒళ్లు బిడ్డకు పడలేదన్న ఆ అమ్మాయి గురించి అడిగాను. ఇంటికి వెళ్లినా మళ్లీ పిలిపించి నూనె రుద్దుకోవడం చూపించామని, బిడ్డను ఎత్తుకునే వెళ్లిందని చెప్పింది. ఆ రోజు వంట చేస్తున్నదాన్ని పొయ్యి ఆపేసి కూర్చుండిపోయాను.

శిరీష తిరిగి రావడం

కనిగిరిలో మా పని ఒక రోజుదే. ఏదో ఒక వంక పెట్టి ఇద్దరం ఉండిపోయాం. శిరీష కబురు తెలియకుండా కదలబుద్ధి కాలేదు. ఒంగోలు నుంచి మొదటి రోజు వచ్చిన ఫోన్లు భయపెట్టాయి. ఫోన్ మోగితే ఏడుకొండలు బిడ్డ తల మీద చెయ్యి వేసి, ఎదుటివాళ్ల ముఖం చూసేవాడు. ఆ తర్వాత రక్తపోటు దిగిందని చెప్పారు. మాట్లాడుతోందని చెప్పారు. బిడ్డను అడుగుతోందని చెప్పారు.

ఈలోపు అతను పాలు పట్టే వేళలు నేర్చుకున్నాడు. మూత్రానికి వెళ్లాలన్నా విజయను పిలిచి, అప్పగించి, వచ్చాక చేతులు కడిగి మళ్లీ కట్టుకునేవాడు. వార్డులో బాలింతలు మొదట అతన్ని చూసి నవ్వుకున్నారు. తర్వాత మీ ఆయన్ని కూడా పిలవవే అని ఒకరినొకరు పొడుచుకున్నారు. సాయంత్రాలు నేను అతని పక్కన కూర్చుని, ఒకప్పుడు ఇదే ఆవరణలో చెక్కపెట్టె ఎక్కడుండేదో చెప్పేదాన్ని. బల్బు కింద ఒక్కతే ఎట్టా ఉండేదండీ బిడ్డ అన్నాడు. ఆ ప్రశ్న ఆ రోజుల్లో మేమెవరం వేసుకోలేదు.

మేం సామాను కారులో పెట్టించిన రోజు శిరీష వచ్చింది. ఒంగోలు డాక్టర్లు ఇక ఫరవాలేదని కనిగిరికి పంపించారు. ముఖం పాలిపోయి ఉంది, తల్లి భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. బిడ్డను కన్నదన్న మాటే గానీ ఇంతవరకు సరిగ్గా చూడలేదు. గుమ్మంలోకి రాగానే, వాలు కుర్చీలో ఒంటి మీద చొక్కా లేకుండా, పట్టీ కట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూసి ఆగిపోయింది. ఎవరో వేరే మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా దగ్గరికి వెళ్లి రెండు చేతులూ చాపింది.

ఏడుకొండలు ఆమె వైపు చూశాడు. బిడ్డ వైపు చూశాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడే పడుకుందే," అన్నాడు గుసగుసగా. "కాసేపు ఆగు."

వార్డంతా నవ్వింది. విజయ నవ్వుతూ ముఖం అటు తిప్పుకుంది. శిరీష చాపిన చేతులు ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంది. పట్టీ అంచున కనిపిస్తున్న ఆ చిన్న నెత్తి, నాన్న ఊపిరికి లేస్తూ దిగుతుంటే చూస్తూ ఉండిపోయింది.

ఎండ ముదరకముందే పొదిలి దాటాలని బాజీ రెండుసార్లు వచ్చి పిలిచాడు. ప్రణీత చేత్తోనే ఆగమంది. మూడోసారి పిలవడానికి వచ్చినవాడు, చెప్పులు గుమ్మం బయట వదిలి, తనూ అక్కడే నిలబడిపోయాడు.